ముత్తాతది ఏ క్లాసు?

2024 సంక్రాంతి సెలవులకి మా అన్న కొడుకు హైదరాబాదు నుంచి రాజోలు దగ్గర మా ఊరొచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. భోగి ముందురోజు రాత్రి అరుగు మీద కూర్చుని లాప్‌టాప్‌లో ఆట ఆడుతుంటే నేనూ పక్కన చేరాను. ఆట పేరు బాల్డర్స్ గేట్ 3. అంతకు ముందు ఏడాది, 2023 ఆగస్టులో వచ్చింది. ఆట మొదలవ్వాలంటే ముందు మన తరఫున ఆడే మనిషిని తయారుచేసుకోవాలి. జాతి ఎంచుకోవాలి, తర్వాత క్లాసు ఎంచుకోవాలి. క్లాసంటే బడిలో తరగతి కాదు, మనం మార్క్సిస్టు పుస్తకాల్లో చదువుకున్న వర్గమూ కాదు. ఆ మనిషి బతికే విద్య. కత్తి పట్టేవాడిది ఒక క్లాసు, దొంగతనం చేసేవాడిది ఒక క్లాసు. మంత్రం వేసేవాళ్లకి మాత్రం ఒకటి కాదు, ఆరేడున్నాయి. అందరూ వేసేది మంత్రమే గదా, ఇన్నెందుకని అడిగాను. "మంత్రం ఏంటనేది కాదు బాబాయ్, అది ఎలా వచ్చిందనేదే తేడా" అన్నాడు. కాసేపు వివరంగా చెప్పి, చివర్లో నన్నే అడిగాడు: "మన ముత్తాత తేలు మంత్రం వేసేవాడంట గదా, ఆయనది ఏ క్లాసంటావ్?"

నవ్వేసి ఊరుకున్నాను. కానీ ప్రశ్న నన్ను వదల్లేదు. మంత్రం నిజమా అబద్ధమా అని మనలో చాలామంది రాశారు. హేతువాదులు ఊరూరా తిరిగి చెప్పారు. మంత్రాన్ని ఎవరు ఎలా నేర్చుకున్నారు, ఎవరికి ఏ దారి తెరిచారు, ఎవరికి ఏ దారి మూశారు అనేది మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. కోనసీమలో ఈ ప్రశ్న అడగాల్సిందే. ఒకపక్క వేదానికి పేరుపడ్డ అగ్రహారాలు, ఆ పక్కనే పొలం గట్లకి అవతల మాలపేటలు, మాదిగపేటలు. రెండుచోట్లా మంత్రాలున్నాయి. రెండుచోట్లా గురువులున్నారు.

ముందు ఆట సంగతి చూద్దాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటని అచ్చువేశారు. మా వాడు ఆడే కంప్యూటర్ ఆటకి మూలం అదే. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. సందేహం వచ్చినచోట పాచికలు వేస్తారు. మన వీధి భాగోతంలో వేషం కట్టడం లాంటిదే, కాకపోతే పద్యాలు ముందే రాసి ఉండవు.

మొదట్లో మంత్రం తెలిసిన క్లాసులు రెండే. ఒకడు పుస్తకం చదివి నేర్చుకునేవాడు. వీడినే తర్వాత విజార్డ్ అన్నారు. పొద్దున్నే మంత్రాల పుస్తకం తీసి బట్టీ పడతాడు. ఒకసారి మంత్రం ప్రయోగించాడంటే అది మనసులోంచి చెరిగిపోతుంది, మళ్లీ చదువుకోవాల్సిందే. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో రాసిన నవలలోంచి ఈ పద్ధతి తీసుకున్నారు. రెండోవాడు క్లెరిక్, అంటే పూజారి. వీడికి పుస్తకం అక్కర్లేదు. దేవుణ్ణి ప్రార్థిస్తాడు, దేవుడు ఇస్తాడు. దేవుడికి కోపం వస్తే ఇచ్చింది తీసేసుకుంటాడు. తర్వాత తర్వాత ఇంకొన్ని క్లాసులు చేరాయి. 2000లో సోర్సరర్ అనేవాడు వచ్చాడు. వీడు ఏమీ నేర్చుకోడు, పుట్టుకతోనే వస్తుంది. తాతముత్తాతల్లో ఎవరిదో డ్రాగన్ రక్తం ఒంట్లో ఉంటుందంట. 2004లో వార్లాక్ వచ్చాడు. వీడు ఏదో ఒక శక్తితో ఒప్పందం పెట్టుకుని మంత్రం సంపాదిస్తాడు. పాటతో మంత్రం వేసే బార్డులూ, చెట్టూ పుట్టా పట్టుకున్న డ్రూయిడ్లూ వేరే ఉన్నారు, వాళ్ల జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఇందులో నాకు ఆసక్తి కలిగించిన విషయం మరొకటుంది. 2000 దాకా ఈ ఆటలో జాతిని బట్టి విద్య అనే నియమం ఉండేది. మరుగుజ్జు జాతివాడు విజార్డ్ కాకూడదు. ఎంత తెలివైనవాడైనా సరే, పుస్తకం ముట్టకూడదు. ఎల్ఫ్ జాతివాడు కావచ్చుగానీ ఫలానా మెట్టు దాటి పైకి వెళ్లకూడదు. మెట్ల హద్దు లేనిది మనిషి జాతికే. కారణం అడిగితే వాళ్ల స్వభావమే అంత అని పుస్తకంలో రాసి ఉండేది. 2000లో వచ్చిన మూడో కూర్పులో ఆ నియమం ఎత్తేశారు. 2022 డిసెంబరులో అసలు 'జాతి' అనే మాటే వాడబోమని ఆ ఆట కంపెనీ ప్రకటించింది, 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో దాన్ని తీసేసింది. కాగితం మీద ఊహించుకున్న లోకంలో పెట్టుకున్న నియమాన్ని తీసెయ్యడానికి 26 ఏళ్లు పట్టిందన్నమాట.

ఇప్పుడు అగ్రహారానికి వద్దాం. కోనసీమ వైదికుల్లో ఎక్కువమంది కృష్ణ యజుర్వేదం, తైత్తిరీయ శాఖ, ఆపస్తంబ సూత్రం వాళ్లు. వ్యాఘ్రేశ్వరం, నేదునూరు లాంటి ఊళ్ల పేర్లు వేదం తెలిసినవాళ్ల నోట వినపడుతూనే ఉంటాయి. డేవిడ్ నైప్ అనే అమెరికన్ పరిశోధకుడు దశాబ్దాలపాటు ఇక్కడి ఆహితాగ్నుల ఇళ్లకి వస్తూ పోతూ, వాళ్ల జీవితాల మీద 2015లో 'వేదిక్ వాయిసెస్' అనే పెద్ద పుస్తకం వేశాడు.

నేర్చుకునే పద్ధతి ఇది. ఏడెనిమిదేళ్లప్పుడు ఒడుగు చేస్తారు. గురువు ఎదురుగా కూర్చోబెట్టి సంత చెబుతారు. గురువు ఒకసారి పలికితే పిల్లవాడు రెండుసార్లు పలకాలి. స్వరం తప్పకూడదు, పైకి లేవాల్సిన అక్షరం కిందికి దిగకూడదు. తర్వాత వల్లె. అదే ముక్కని పదే పదే, రోజుల తరబడి. ఇలా సంహిత 44 పన్నాలు, బ్రాహ్మణం 28, ఆరణ్యకం 10, మొత్తం 82 పన్నాలు కంఠతా రావాలి. దానికే ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఆ పైన పదం, క్రమం, జట, ఘన. మాటల్ని విడదీసి, ముందుకీ వెనక్కీ తిప్పి జతపరిచి చెప్పడం. అక్కడిదాకా వెళ్లినవాడు ఘనాపాఠి. నేర్చింది పోకుండా జీవితాంతం రోజూ చెప్పుకుంటూనే ఉండాలి. ఆటలో విజార్డుకి మంత్రం వాడితే పోతుంది. ఇక్కడ వాడకపోతే పోతుంది.

ఆ శ్రమని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. పుస్తకం ముట్టకుండా అంత గ్రంథాన్ని నోటితో నిలబెట్టడం మామూలు పని కాదు. 2003లో యునెస్కో వేద పఠన సంప్రదాయాన్ని మానవజాతి మౌఖిక వారసత్వంగా గుర్తించింది. తిరుమల తిరుపతి దేవస్థానం వేద పారాయణదారులకి జీతాలిస్తోంది. ఇవ్వనీ. నా ప్రశ్న వేరు.

ఆటలో విజార్డు వేరు, సోర్సరరు వేరు. ఒకడిది కష్టం, ఇంకొకడిది పుట్టుక. అగ్రహారంలో ఈ రెండు క్లాసులూ కలిసిపోయాయి. లోపలికి రావడానికి పుట్టుక కావాలి, వచ్చాక ఎదగడానికి కష్టం కావాలి. బయటికి చెప్పుకునేటప్పుడు కష్టం మాటే చెబుతారు. మా వాడితో ఈ మాటంటే "దాన్ని మల్టీక్లాస్ అంటారు బాబాయ్" అన్నాడు. సరే, ఏదో ఒకటి. అదే అగ్రహారంలో పుట్టిన ఆడపిల్లకి కూడా సంత లేదన్నది మర్చిపోకూడదు. అగ్నిహోత్రం దగ్గర భార్య లేకపోతే క్రతువే సాగదు, కానీ ఆవిడకి వేదం చెప్పరు.

విజార్డు పుస్తకాన్ని ఎవడైనా ఎత్తుకుపోవచ్చు. ఆటలో ఇది మామూలే. శత్రువు పుస్తకం దొరికితే అందులోని మంత్రాలు మన పుస్తకంలోకి ఎక్కించుకోవచ్చు. అందుకని విజార్డు తన పుస్తకాన్ని దాచుకుంటాడు, తాళం వేస్తాడు. వేదానికి పుస్తకం లేదు. రాసి పెట్టుకుని చదివేవాణ్ణి చిన్నచూపు చూసే సంప్రదాయం అది. మరి గాలిలో పలికే మంత్రానికి తాళం ఎక్కడ వెయ్యాలి? వినేవాడి చెవికి. గౌతమ ధర్మసూత్రం శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగించిన లోహమూ లక్కా పొయ్యాలని, పలికితే నాలుక కొయ్యాలని చెప్పింది. బ్రహ్మసూత్రాలకి భాష్యం రాస్తూ శంకరుడు శూద్రుడికి అధికారం లేదని రుజువు చెయ్యడానికి ఆ మాటనే తెచ్చుకున్నాడు. దీన్ని మనం క్రూరత్వానికి ఉదాహరణగా ఎన్నోసార్లు చెప్పుకున్నాం. క్రూరత్వమే. కానీ దాని వెనక లెక్క కూడా ఉంది. నోటి చదువుకి చెవే తలుపు. శూద్రుడికే ఈ శిక్ష రాసినవాళ్లు, వర్ణాల్లోనే చేర్చని పంచముడి విషయంలో వేరే చెప్పక్కర్లేదనుకున్నారు. అతన్ని మంత్రం వినపడనంత దూరంలో ఉంచారు. పేట ఊరికి ఎంత దూరంలో ఉండాలి అన్నది కాలికి సంబంధించిన కొలతే కాదు, చెవికి సంబంధించిన కొలత కూడా.

ఇక మా తాత. ఆయన పాలేరు. బతికినన్నాళ్లూ రైతు కొబ్బరితోటలో కాయ దింపు, డొక్క ఒలుపు, వరి ఊడ్పు, కోత. కోనసీమలో తేలు ఎక్కడుంటుందో డొక్కల గుట్ట దగ్గర పనిచేసినవాడికి చెప్పక్కర్లేదు. మంత్రం ఆయనకి మేనమామ చెప్పాడు. చెప్పింది గ్రహణం పూట, కాలవలో బొడ్డులోతు నీళ్లలో నిలబెట్టి. ఆ తర్వాత ప్రతి గ్రహణానికీ అదే నీళ్లలో నిలబడి మళ్లీ చెప్పుకోవాలి. ఒక గ్రహణం తప్పితే మంత్రం మందగిస్తుందని, వరసగా తప్పితే పోతుందని అనేవాడు. పైకి చెప్పకూడదు. పిలిస్తే వెళ్లాలి, వేళాపాళా చూడకూడదు. పైసా తీసుకోకూడదు. తాత మాటల్లో చెప్పాలంటే "సొమ్ము ముట్టుకున్నానా, మంత్రం సచ్చిపోద్ది."

పల్లెటూరి మంత్రాలు ఎక్కువగా తెలుగులోనే ఉంటాయి. మధ్యలో గరుత్మంతుడి పేరో, హనుమంతుడి పేరో, చివర గురువు మీద ఆన. అర్థం తెలియని శబ్దాలు కొన్ని కలిసుంటాయి. తాత మంత్రంలో ఏముందో మాకు తెలియదు.

ఈ గ్రహణం విషయం దగ్గర కాస్త ఆగాలి. మంత్రశాస్త్రంలో పురశ్చరణ అని ఒకటుంది. గురువు ఉపదేశించిన మంత్రం పని చెయ్యాలంటే అందులో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షలు జపం చెయ్యాలి. అందులో పదో వంతు హోమం, దానిలో పదో వంతు తర్పణం, దానిలో పదో వంతు మార్జనం, దానిలో పదో వంతు బ్రాహ్మణులకి భోజనం. అయిదక్షరాల మంత్రానికి అయిదు లక్షల జపం. రోజుకి పదివేలు చేసినా యాభై రోజులు. యాభై వేల ఆహుతులకి నెయ్యి కావాలి. చివరికి భోజనం పెట్టాల్సింది యాభై మందికి. ఒక్కరోజు పనికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఇది అయ్యే పనేనా? శాస్త్రంలోనే ఇంకో దారి కూడా చెప్పారు. గ్రహణం పట్టిన దగ్గర్నుంచి విడిచేదాకా నీళ్లలో నిలబడి జపిస్తే పురశ్చరణ ఫలం వస్తుందని. అగ్రహారంలో అది ఒకానొక వెసులుబాటు. పేటలో అదొక్కటే దారి అయింది. గ్రహణం రెండుమూడు గంటలు. ఖర్చు లేదు, నెయ్యి అక్కర్లేదు, కాలవ నీళ్లు చాలు. కూలివాడి చేతికి అందిన పురశ్చరణ అది. మనవాళ్లు మంత్రాన్ని పెద్దిళ్ల నుంచి తెచ్చుకున్నారో, పెద్దిళ్లవాళ్లే మన నుంచి తీసుకుని సంస్కృతం తొడిగారో తేల్చడం నా వల్ల కాదు. తేలేది మాత్రం ఇది: నేర్చుకునే పద్ధతి నేర్చుకునేవాడి తీరికని బట్టి తయారైంది.

రైతుల ఇళ్ల నుంచి రాత్రిళ్లు లాంతరు పట్టుకుని పేటకి వచ్చేవాళ్లు. పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చేవాళ్లు, లేదా తాతనే లేపి తీసుకెళ్లేవాళ్లు. కాలో చెయ్యో పట్టుకుని పైనుంచి కిందికి దింపుతూ మంత్రం వెయ్యాలి, అంటే ముట్టుకోవాలి. "తేలు కుట్టినప్పుడు అంటు ఉండదురా" అని తాత నవ్వేవాడు. తెల్లారాక అదే ఇంటి గుమ్మం ముందు తాత దూరంగానే నిలబడేవాడు.

ఆ డబ్బు నియమం గురించి నేను చాలా ఆలోచించాను. పురోహితుడికి దక్షిణ ఇవ్వకపోతే చేసిన క్రతువు పూర్తికాదు. అక్కడ సొమ్ము మంత్రానికి ఊపిరి. తాత మంత్రానికి సొమ్ము విషం. ఒకే ఊరు, మంత్రానికి రెండు ధర్మాలు. తేలు మంత్రం వేసే పెద్దకులాలవాళ్లు కూడా డబ్బు తీసుకునేవారు కాదుగదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ వాళ్లకి అది పుణ్యం, ఊళ్లో పరపతి. తాతకి అది ఒక రాత్రి నిద్ర, మర్నాడు పొలంలో ఆలస్యానికి తిట్లు. ఊరు ఆయన చేత చేయించుకున్న పనుల్లో ఇదీ ఒక వెట్టే. పుణ్యం పేరుతో ఉన్న వెట్టి కాబట్టి ఆయనకి కూడా అలా అనిపించలేదు.

క్లెరిక్ సంగతికి వస్తే, దేవత ఇస్తే వచ్చే మంత్రం మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్ల దారి. అమ్మవారి జాతరలో పూనకం వచ్చినావిడ చెప్పింది ఊరంతా వినాలి. ఆవిడకి గురువు లేడు, సంత లేదు. ఆ మాట ఆవిడది కాదు, అమ్మవారిది అనుకుంటారు కాబట్టే ఆవిడ నోరు తెరవగలిగింది. దీనికి పరాకాష్ఠ మాతంగి. కోనసీమలో కాదుగానీ ఒంగోలు ప్రాంతంలో, రాయలసీమలో మాదిగ స్త్రీని మాతంగిగా నిలిపేవారు. 1899లో ఎమ్మా క్లౌ, 1909లో థర్‌స్టన్ రాసిన పుస్తకాల్లో ఆ వివరాలున్నాయి. పూనకంలో మాతంగి అగ్రవర్ణాల మీద ఉమ్మేది, తిట్టేది, వాళ్లు అది ప్రసాదంలా స్వీకరించేవారు. ఇది చదివి కొందరు మనవాళ్లు మాతంగిని తిరుగుబాటుకి గుర్తుగా చూశారు. నేను అంత దూరం వెళ్లలేను. ఆ ఒక్క పూట అయ్యాక ఆమె బతుకేంటి? పెళ్లి లేదు. దేవత పేరుతో ఊరి మగాళ్ల పాలు చేసిన జోగినీల వరసలోనే మాతంగులూ ఉన్నారు. ఈ ఆచారాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చెయ్యాల్సి వచ్చింది.

మిగిలింది వార్లాక్. ఆటలో ఈ క్లాసుకి పిల్లల్లో మంచి గిరాకీ ఉందంట. చీకటి శక్తితో ఒప్పందం, నల్ల బట్టలు, అదో హంగు. మన గోదావరి, విశాఖ వైపు దీనికి దగ్గరి మాట చిల్లంగి. తెలంగాణలో బాణామతి, చేతబడి. ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. ఆటలో వార్లాక్ క్లాసుని ఆడేవాడు కోరి ఎంచుకుంటాడు. ఊళ్లో చిల్లంగి క్లాసుని ఎవరూ ఎంచుకోరు, ఊరు అంటగడుతుంది. నేను మా చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్లని అడిగాను. తేలు మంత్రం ఎలా నేర్చుకుంటారని అడిగితే గ్రహణమని, నీళ్లని, గురువని చెప్పారు. పాము మంత్రం అడిగితే పథ్యాలు కూడా చెప్పారు. చిల్లంగి ఎలా నేర్చుకుంటారని అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరి దగ్గర నేర్చుకుంటారు? తెలియదు. ఎన్నాళ్లు పడుతుంది? తెలియదు. ఫలానా ఆమెకి వచ్చని మాత్రం అందరికీ తెలుసు. నేర్చుకునే దారే లేని విద్య ఇదొక్కటే. గొడ్డు చచ్చినా, బిడ్డకి జ్వరం తగ్గకపోయినా, చెప్పడానికి ఒక పేరు కావాలి. ఆ పేరు ఎక్కువసార్లు వెనక ఎవరూ లేని ముసలావిడదో, తగాదాలో చిక్కుకున్న సెంటు భూమి ఉన్నవాడిదో అవుతుంది. పళ్లు రాలగొట్టడం, చెట్టుకి కట్టి కొట్టడం, చంపి కాల్చడం మనం పత్రికల్లో చదువుతున్నవే.

చెడుపు చేసే మంత్రాలు పెద్దలకి తెలియనివి కావు. అథర్వవేదంలో శత్రువు మీద ప్రయోగాలున్నాయి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చివరి నుంచి రెండోదైన పద్నాలుగో అధికరణం మొత్తం ఇలాంటి రహస్య ప్రయోగాలకే కేటాయించాడు. అక్కడ దాని పేరు అభిచారం, ఔపనిషదికం. సంస్కృతంలో పేరుంటే శాస్త్రం, తెలుగులో పేరుంటే నేరం. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా, మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఈ హింస మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలుగు నేల మీద అలాంటిది రాలేదు. ఒక ఆధారం మాత్రం ఉంది, మన కార్యకర్తల్లో కూడా చాలామందికి అది తెలియదు. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, మంత్రగాడని, మంత్రగత్తెని ఆరోపించి దళితుల్ని, ఆదివాసుల్ని కొట్టడం, మానసికంగా హింసించడం కూడా నేరాల జాబితాలో చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. చిల్లంగి పేరుతో ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ సెక్షన్ రాయమని స్టేషన్లో పట్టుబట్టాలి.

తాత మంత్రంతో తేలు విషం దిగేదా? దిగేదని నేను చెప్పను. తేలు కుట్టినవాళ్లలో ఎక్కువమందికి నొప్పే తప్ప ప్రాణాపాయం ఉండదు, కొన్ని గంటలకి నొప్పి దానంతటదే తగ్గుతుంది. ఎర్రతేలు కుట్టిన చిన్నపిల్లలకే అసలు ప్రమాదం. దానికి ప్రాజోసిన్ అనే చవక మాత్ర పనికొస్తుందని మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో నిరూపించాడు. పాము సంగతీ అంతే. విషం లేని పాములే ఎక్కువ, విషప్పాము కాట్లలో కూడా కొన్నిసార్లు విషం ఎక్కదు. మంత్రగాడి పేరు నిలబడేది అక్కడే. త్రాచో, కట్లపామో, రక్తపింజరో కరిచి విషం ఎక్కితే మందు ఒక్కటే, ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు ఇంజక్షన్. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఆసుపత్రి చేరకుండా పోయినవాళ్లే ఎక్కువ. కుప్ప కింద చెయ్యి పెట్టేది ఎవరో, గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచేది ఎవరో మనకి తెలుసు. కాబట్టి తాతల విద్యని మళ్లీ నిలబెడదామని ఈ వ్యాసం రాయడం లేదు.

కానీ ఆ విద్యలో మంత్రం పక్కన ఇంకో తెలివి ఉండేది. కాటు చూసి ఏ పామో చెప్పడం, ఏ కాలంలో ఏ గట్టున ఉంటుందో తెలియడం. దాన్ని గుర్తిస్తే ఏమవుతుందో తమిళనాడులో ఇరుళర్లు చూపించారు. పాములు పట్టే ఆదివాసులు వాళ్లు. పాముచర్మాల వ్యాపారం నిషేధించాక బతుకు పోతే, 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. దేశంలో విషవిరుగుడు మందు తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం వాళ్ల నుంచే వస్తోంది. వాళ్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకి, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన పాలేరులకి పాము గురించి తెలిసింది ఎవరూ అడిగి రాసుకోలేదు.

పేటకి పుస్తకం వచ్చింది వేరే దారిలో. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం చేరి గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక, అక్కడికి వచ్చిన కూలీల మధ్య బౌడెన్ బోధించాడు. ఆ మతం గురించి మనకి ఎన్ని అభిప్రాయాలైనా ఉండొచ్చు. వినమని పిలిచి, చదువుకోమని చేతికి పుస్తకం ఇచ్చిన పద్ధతి మాత్రం అగ్రహారం పద్ధతికి పూర్తిగా ఎదురు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని పని మాన్పించి బడికి పంపినవాళ్లున్నారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. మరుగుజ్జు విజార్డ్ కాకూడదన్న నియమం మన దగ్గర అలా ఒక వైపు నుంచి విరిగింది.

గుడి వైపు ఇంకా విరగలేదు. ఆంధ్రప్రదేశ్ 1987 చట్టంతో వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకి మళ్లీ దారి ఇచ్చారు. 2002లో సుప్రీంకోర్టు, విద్య వచ్చినవాడు ఏ కులంవాడైనా అర్చకుడు కావచ్చని కేరళ కేసులో చెప్పింది. 2017లో ట్రావన్‌కోర్ దేవస్వం ఆలయాలకి ఆరుగురు దళితులు అర్చకులుగా ఎంపికయ్యారు. ఇక్కడ కోనసీమలో, 2022లో జిల్లాకి అంబేద్కర్ పేరు కలుపుతామంటేనే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు.

మా వాడి ప్రశ్నకి నేను చెప్పిన జవాబు ఇది. మీ ముత్తాత విజార్డ్ కాదు, పుస్తకం ముట్టనివ్వలేదు. సోర్సరర్ కాదు, పుట్టుక ఆయనకి ఇచ్చింది వెట్టి ఒక్కటే. పూనకం రాలేదు. ఎవరితో ఒప్పందమూ లేదు. గురువు దగ్గర వినికిడితో నేర్చుకుని, నీళ్లలో నిలబడి నిలబెట్టుకున్నాడు. వేదపండితుడు నేర్చుకున్నదీ వినికిడితోనే. కాబట్టి ఆయన క్లాసు ఈయన క్లాసు ఒకటే. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఆటలో ఆ క్లాసు లేదు బాబాయ్" అన్నాడు. కొత్త ఆట మొదలుపెట్టి మరుగుజ్జు జాతిని ఎంచుకున్నాడు, విజార్డ్ మీద నొక్కాడు, పేరు రాసేచోట తాత పేరు కొట్టాడు.

తాత మంత్రం ఆయనతోనే పోయింది. 1980 ఫిబ్రవరి 16, సూర్యగ్రహణం. మధ్యాహ్నం దాటాక సూర్యుడు చాలా మేరకు మూసుకుపోయాడు. ఊరంతా తలుపులు వేసుకుంది. ఈసారైనా నేర్చుకోరా అని తాత మా నాన్నని పిలిచాడు. నాన్న ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. "రేపు పిల్లలకి గ్రహణం పాఠం చెప్పాలి నాన్నా, నేనే కాలవలో నిలబడితే ఏం బాగుంటుంది" అన్నాడు. తాత ఏమీ అనలేదు, కండువా తీసి తాటాకు చూరులో దోపి వెళ్లిపోయాడు. నాకు అప్పుడు ఆరేళ్లు. తడిక సందులోంచి చూశాను. ఎండ పల్చబడి ఏదో రంగులోకి తిరిగింది. కాలవలో బొడ్డులోతు నీళ్లలో తాత ఒక్కడే నిలబడి ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. చెవి రిక్కించాను, ఏమీ వినపడలేదు.